తప్పు కాచే కర్ర

ఈ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, ఎండలో నిలబడి బంతులు కుడివైపుకి వంగిపోవడం చూడటం అని చెబుతాను. ఇరవై రెండేళ్లు అదే చూశాను. గోల్ఫ్ కోచ్ అనగానే మీకు తెల్ల టోపీ, పచ్చగడ్డి, పెద్దవాళ్లతో స్నేహాలు గుర్తుకొస్తాయేమో. టోపీ నిజమే. గడ్డి వానాకాలంలో నిజం. స్నేహాల సంగతి చివర్లో చెబుతాను.

నా పేరు మస్తాన్. గుంటూరుకీ మంగళగిరికీ మధ్య, నల్లరేగడి పొలాల నడుమ వేసిన ఒక చిన్న మైదానంలో పాఠాలు చెప్పి, కర్రలు బాగుచేసి, కిందటేడు పనిలోంచి దిగిపోయాను. అంతకుముందు హైదరాబాదులో ఒక క్లబ్బులో కర్రలకు పిడి రబ్బర్లు మార్చే పని. నాకు సర్టిఫికెట్టు ఎలా వచ్చింది, ఏ పోటీలో ఎవరి పక్కన నిలబడి ఫొటో దిగాను, ఇవేవీ రాయను. వాటివల్ల మీకు ఉపయోగం లేదు, నాకూ పెద్దగా కలగలేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు చెప్పదగ్గది నా దగ్గర ఒకటి ఉంది. అది నేను చేసిన తప్పు. దాని దగ్గరికి రావడానికి కాస్త సమయం పడుతుంది, ఓపిక పట్టండి.

కుడివైపు కళ్లం

ఆట తెలియనివాళ్లకు రెండు మాటలు. ప్రతి గుంట దగ్గరా మొదటి దెబ్బ దూరం పోవడానికి వాడే పొడవాటి, పెద్ద తలకాయ ఉన్న కర్రను డ్రైవర్ అంటారు. దానితో కొట్టిన బంతి సూటిగా బయల్దేరి, గాలిలో మనసు మార్చుకున్నట్టు కుడికి వంగిపోతే దాన్ని స్లైస్ అంటారు. ఆడేవాళ్లలో ఎక్కువమందికి ఉన్న జబ్బు ఇదే. కారణాలు నాలుగైదు చెప్పొచ్చు గానీ, నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామందికి పట్టులోనే వచ్చేది తంటా. పైన ఉండే ఎడమచెయ్యి సరిగా పట్టుకోకపోతే, బంతిని తాకే క్షణానికి కర్ర తల కుడికి తెరుచుకుని ఉంటుంది. ఇక బంతి ఎటు పోవాలో అటే పోతుంది.

మా మైదానంలో అది మొదటి గుంట పక్కనున్న కంచె దాటి మిరప కళ్లంలోకి పోయేది. కంచె అవతల ఒక రైతు కోత కాలమంతా కాయలు ఎండబోసేవాడు. ఎర్రటి ఎరుపు మీద తెల్లటి బంతులు. కూలీల మేస్త్రీ మరియమ్మ వాటిని ఏరి, కొంగులో కట్టుకుని, వారానికోసారి కంచె దగ్గరికి తెచ్చి నాకు అప్పజెప్పేది.

"ఏందండీ కోచ్ గారూ, మీవోళ్లు జూసేది ఎదరకి, బంతి వచ్చేది మా మీదకి! ఒకసారి ఆ పక్క పత్తిచేలోకి జూసి కొట్టమనండి, అప్పుడన్నా నడిమజ్జన పడుద్దేమో" అనేది.

ఆమె వేళాకోళానికి అన్నా, మా సభ్యుల్లో సగం మంది చేసేది అదే. ఎడమకి తిరిగి నిలబడి, కుడికి వంగే బంతిని మధ్యలో పడేసుకునేవాళ్లు. ఒక ఇంజినీరు గారు మరియమ్మ ఇచ్చిన బంతిని జేబులో వేసుకుని, అదే చేత్తో కళ్లు తుడుచుకున్నారు. ఆ రోజు ఆయన ఆట నీళ్ల కుళాయి దగ్గరే ముగిసింది. ఎప్పుడైనా బంతి పొరపాటున ఎడమకి పోతే ఇంకా కష్టం. పత్తి విచ్చిన రోజుల్లో ఆ చేలో పడ్డ బంతిని వెతకమంటే నాకు దణ్ణం పెట్టాలనిపించేది.

స్లైస్‌కి మందు లేక కాదు. పట్టు మార్చుకోవాలి. మార్చుకున్న మొదటి నెల ఆట ఇదివరకటికంటే అధ్వానంగా ఉంటుంది, ఆ నెల ఓర్చుకోవాలి. ఓర్చుకునేవాళ్లు చాలా తక్కువ. రెండు వారాలకే "ఇదేంటండీ, మీ దగ్గరికొచ్చాక ఉన్నదీ పోయింది" అని మానేసేవాళ్లు. ఉదయం ఆరింటికి ఒకరికి చెప్పిన మాటే ఏడింటికి ఇంకొకరికి, ఎనిమిదింటికి మరొకరికి. ఎడమచెయ్యి, బొటనవేలు, కాస్త తిప్పండి, బిగించొద్దు, వదలొద్దు. ఇంటికెళ్లి అన్నం తింటున్నా అవే మాటలు నోట్లో ఆడుతుండేవి. నేను అలసిపోయానని అప్పుడు ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే తర్వాత జరిగినదానికి ఆ అలసటే మూలం.

ఆ డ్రైవర్ వచ్చాక

అలాంటి రోజుల్లో వచ్చింది ఈ కొత్తరకం డ్రైవర్. తలలో బరువును పిడి వైపుకి జరిపి, బంతిని తాకే ముఖాన్ని ఒక వెంట్రుకవాసి ఎడమకి తిప్పి చేస్తారు. మీరు ఎప్పటిలాగే తప్పుగా ఊపినా, తాకే సమయానికి దాని ముఖం దానంతట అదే మూసుకుంటుంది. కంపెనీవాళ్లు దీనికి పెట్టుకున్న ఇంగ్లీషు పేరు పలకలేక, మా సభ్యుల్లో ఒకాయన 'తప్పు కాచే కర్ర' అన్నాడు. అదే పేరు నిలిచిపోయింది.

మొదట కొన్నది బ్రాడీపేటలో క్లినిక్ ఉన్న డాక్టరు గారు. మంచి మనిషి, దారుణమైన స్లైస్. మొదటి బంతి గీత గీసినట్టు మధ్యలోంచి పోయింది.  ఆయన అక్కడే ఫోన్ తీసి భార్యకు చేసి, "ఏవోయ్, సూటిగా పోయిందోయ్" అన్నారు. ఏం సూటిగా పోయిందో ఆవిడకు అర్థమయ్యే ఉంటుంది, ఎనిమిదేళ్లుగా వింటోంది పాపం. మిరపకాయ బంతి ఇంజినీరు గారు కూడా కొన్నారు. ఆయనకు అది వికటించింది. ఎడమకి తిరిగి నిలబడే అలవాటు మానలేదు, కర్రేమో బంతిని ఎడమకే ఉంచింది, అన్నీ పత్తిచేలోకే. రిటైరైన హెడ్‌మాస్టర్ ఒకాయన ఉండేవారు. పది బంతులు కొట్టి, పదీ సూటిగా పోయాక, కర్రను తుడిచి నా చేతికిచ్చేశారు.

"తప్పు నేను చేస్తున్నాను, ఇది పక్కన కూర్చుని దిద్దేస్తోంది మస్తాన్. ఇలాంటి పిల్లాణ్ణి నా క్లాసులో వెనక బెంచీకి పంపేవాణ్ణి" అన్నారు.

నేను నవ్వాను. ఆయన పాత కర్రతోనే ఇప్పటికీ కుడికి కొడుతున్నారు, కాబట్టి ఆయన మాటే వేదం అనుకోనక్కర్లేదు.

మా క్లబ్బు కార్యదర్శి గారికి ఆ కర్ర తెగ నచ్చింది. ఆయన పాతకాలం ఆఫీసరు, నాకు పైవాడు, చెడ్డవాడు కాదు. ఒక సాయంత్రం షెడ్డులోకి వచ్చి, "మస్తాన్, మనవాళ్లు ఇక్కడికి వచ్చేది పాఠాలకు కాదయ్యా. పొద్దున ఆఫీసులో, కోర్టులో, మిర్చి యార్డులో ఎటూ తిట్లు తప్పవు. ఇక్కడన్నా కాస్త బాగుంది అనిపించి పంపు" అన్నారు. అప్పటికి నాకది పెద్ద జ్ఞానంలాగే అనిపించింది. మరుసటి రోజు నుంచి పట్టు గురించి మాట్లాడటం తగ్గించాను. స్లైస్ అని వచ్చినవాడికి ఆ కర్ర చేతిలో పెట్టి, నాలుగు బంతులు కొట్టించి, "బాగుంది సార్" అనేవాణ్ణి. నా గొంతుకీ విశ్రాంతి, వాళ్లకీ ఆనందం. కళ్లంలో పడే బంతులు కూడా తగ్గాయి. "ఏం కోచ్ గారూ, మీవోళ్లు ఆట మానేశారా?" అని మరియమ్మ కంచె దగ్గర అడిగింది.

ఆ కర్ర మీద నాకు కోపం లేదని ముందే చెప్పేస్తున్నాను. అరవై ఏళ్ల మనిషి, వారానికి రెండుసార్లు వచ్చి గంట సేపు సంతోషంగా ఆడుకుని పోతానంటే, అతన్ని పట్టు మార్చుకోమని ఏడిపించడం అన్యాయం. ఇప్పటికీ ఎవరైనా అడిగితే కొనుక్కోమనే అంటాను. అది చేసే పని ఒకటే, చెయ్యి ఎలా ఉన్నా బంతిని సూటిగా పంపడం. చెయ్యి ఎలా ఉన్నా అన్న ముక్క గురించి మాత్రం నేను ఒక్కరోజూ ఆలోచించలేదు.

కోటేశ్వరరావు గారి పిడికిలి

కోటేశ్వరరావు గారు మిర్చి వ్యాపారి. ఏళ్ల తరబడి యార్డులో కాయ కొన్నవాడు. ఆయన పని చూడాలని ఒకసారి వెంట వెళ్లాను. బస్తా మూతి విప్పి, లోపలికి చెయ్యి పెట్టి, అడుగు నుంచి గుప్పెడు కాయలు తీస్తారు. పిడికిట్లో నొక్కి, వదిలేస్తారు. బాగా ఎండిన కాయ చేతిలో గలగలమని, వదలగానే విచ్చుకుంటుంది. తేమ ఉన్న కాయ మెత్తగా ముడుచుకుని అలాగే ఉండిపోతుంది. ఈ రెంటికీ మధ్య ఎన్ని మెట్లున్నాయో ఆయన వేళ్లకు తెలుసు. తేమ కొలిచే మిషన్లు వచ్చాక కూడా, మిషను చెప్పింది విని, తర్వాత ఆయన ముఖం వైపు చూసేవాళ్లు జనం.

యాభై దాటాక గోల్ఫ్‌లోకి వచ్చారు. మొదట అందరిలాగే కళ్లంలోకి కొట్టారు. ఒకరోజు నాకు విసుగొచ్చి, "కోటేశ్వరరావు గారూ, గుప్పెడు కాయలు పట్టుకున్నట్టు పట్టుకోండి. కాయ చితకకూడదు, జారకూడదు" అన్నాను. ఆయన కర్ర వైపు చూసి, ఒకసారి పిడికిలి బిగించి వదిలి, మళ్లీ పట్టుకున్నారు. అంతే. నెలన్నరలో స్లైస్ పోయింది. ఇరవై రెండేళ్లలో నేను నోటితో చెప్పి నిజంగా నయం చేసిన మనుషులు చాలా తక్కువ, వాళ్లలో మొదటివాడు ఆయన. ఆయనంటే నాకు గర్వంగా ఉండేది. కొత్తగా వచ్చినవాళ్లకు "ఆ పట్టు చూడండి" అని దూరం నుంచి చూపించేవాణ్ణి.

అలాంటి ఆయనకు ఆరేడేళ్ల తర్వాత స్లైస్ తిరిగొచ్చింది.

"ఏంటి మస్తానూ ఇది, మళ్లీ మొదటికొచ్చింది?"

"పట్టు వదిలేస్తున్నారండీ."

"నేను వదలడమేంటయ్యా, అదే జారిపోతోంది. చెమట."

మా వైపు వేసవిలో చెమట అంటే ఎవరు కాదంటారు? పాత రబ్బరు తీసి, లోపల టేపు రెండు చుట్లు ఎక్కువ వేసి, లావుపాటి రబ్బరు తొడిగాను. కొన్నాళ్లు బాగానే ఉందన్నారు. తర్వాత మళ్లీ వచ్చారు.

"వేళ్లు మండుతున్నయ్యి మస్తానూ. అప్పుడప్పుడు తిమ్మిరెక్కినట్టు ఉంటది."

"మిరపకాయ చెయ్యి కదండీ, మండక చల్లగా ఉంటుందా" అన్నాను.

"అంతేలే, ఇన్నేళ్లూ మండిందిగా" అని ఆయనా నవ్వారు.

ఈ మాట మీకు వేరే ఊళ్లో అర్థం కాదు. మా దగ్గర మిరపతో సంబంధం ఉన్న ప్రతి మనిషికీ చేతులు మండుతాయి. తొడిమలు తీసే ఆడవాళ్లు పగలంతా తీసి, ఇంటికెళ్లి మజ్జిగలో చేతులు పెట్టుకుని కూర్చుంటారు. వేళ్లు మండుతున్నాయని డాక్టరు దగ్గరికి పోయినవాణ్ణి నేను చూడలేదు. పోతే నవ్వుతారు. కొబ్బరినూనె రాసుకోమని నేనే సలహా కూడా ఇచ్చాను.

ఆ తర్వాత తప్పు కాచే కర్ర ఇచ్చాను. మొదటి బంతే సూటిగా పోయింది. ఆయన నన్ను కావలించుకున్నంత పని చేశారు. "నా చెయ్యి నాకు తిరిగొచ్చింది మస్తానూ!" అన్నారు. నేను "బాగుంది సార్" అన్నాను.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అన్నీ నా కళ్ల ముందే ఉన్నాయి. ఆయన ఎడమచేతి తొడుగు అరిచేతిలో మణికట్టు వైపు చిరిగేది. కర్ర పిడికిట్లో తిరుగుతుంటేనే అక్కడ చిరుగుతుంది. ఇదివరకు ఒక తొడుగు వచ్చే కాలంలో అప్పుడు మూడు పట్టేవి. నేను చూశాను. చూసి, కొత్త తొడుగు తీసిచ్చాను. డ్రైవర్‌తో సూటిగా కొట్టినా, చిన్న కర్రలతో బంతి సగం దూరం కూడా పోయేది కాదు. ఆ చిన్న కర్రలు ఎవరి తప్పూ కాయవు. అదీ చూశాను. వయసు అనుకున్నాను. అన్నిటికంటే పెద్ద సంగతి, పట్టు రానివాడికి స్లైస్ ఉంటే అది మామూలే, పట్టు వచ్చినవాడికి పోతే ఏదో కారణం ఉండాలి. ఇంత చిన్న విషయం కోచ్‌కి తట్టకపోతే ఇంకెవరికి తడుతుంది?

అనసూయమ్మ గారు అడిగిన ఉదయం

ఆయన భార్య అనసూయమ్మ గారు మైదానానికి ఎప్పుడూ రారు. ఒక శనివారం మంగళగిరి కొండకు వెళ్లి వస్తూ, కారు ఆపించి నా షెడ్డు దగ్గరికి వచ్చారు. చేతిలో ప్రసాదం పానకం సీసా. ఆయన దూరంగా మొదటి గుంట దగ్గర ఉన్నారు. పానకం నాకు పోసిచ్చి, నేను తాగేదాకా ఆగి, అప్పుడు మొదలుపెట్టారు.

"అన్నయ్య గారూ, మిమ్మల్నొక మాట అడగాలి. ఆయన చేతిలో గ్లాసు నిలవట్లేదండీ. చొక్కా గుండీలు నేనే పెడుతున్నా. మొన్న చెక్కు మీద సంతకం మూడుసార్లు పెట్టారు. మెట్లు దిగేటప్పుడు కాలితో తడుముకుని దిగుతారు. యార్డులో తడికాయ కొన్నారంట, ఎప్పుడన్నా జరిగిందా ఆయనకి? అడిగితే మిరపకాయ మంట అంటారు. డాక్టరు దగ్గరికి పోదామంటే, గోల్ఫు చక్కగా ఆడుతున్నానే, చెయ్యి బాగాలేనోడు ఆడగలడా అంటారు. మీరు రోజూ చూస్తారుగా. చెయ్యి బానే ఉందంటారా?"

అప్పుడే దూరంగా దెబ్బ వినపడింది. ఇద్దరం అటు చూశాం. బంతి పైకి లేచి, మధ్యలోంచి సూటిగా పోయి, గడ్డిలో దొర్లింది. దాన్ని చూసి నాకు ధైర్యం వచ్చింది, సిగ్గులేని ధైర్యం.

"చూశారుగా అమ్మా, దారం పట్టి లాగినట్టు ఎలా పోయిందో! చెయ్యి బాగాలేనివాళ్లు అలా కొట్టగలరా? మీరు అనవసరంగా బెంగపడుతున్నారు. వయసు వస్తోంది, అంతే."

ఆవిడ ముఖం తేటపడింది. "మీరు చెబితే నాకు నిమ్మళం" అని, మిగతా పానకం సీసా అక్కడే పెట్టి వెళ్లిపోయారు.

బంతి ఎలా పోయిందో ఆవిడకు తెలియకపోవచ్చు. నాకు తెలుసు. ఆ కర్రను ఎంచింది నేను, దాని బరువు పిడి వైపుకి సర్దింది నేను, రబ్బరు కింద టేపు చుట్టింది నేను. చెయ్యి ఎలా ఉన్నా బంతి సూటిగా పోయేలా చేసి, ఆ బంతినే సాక్ష్యంగా చూపించి, చెయ్యి బాగుందని ఒక భార్యకు మాటిచ్చాను. ఆవిడ చెప్పిన గ్లాసు, గుండీలు, మెట్లు, వీటిలో ఒక్కటి కూడా నా చెవికి ఎక్కలేదు. ఇప్పుడు రాస్తుంటే నా చెంప నేను వాయించుకోవాలనిపిస్తుంది.

కర్ర ఎగిరిపోయింది

మరుసటి ఏడు పత్తి తీతలు అయ్యాయి, మిరప కోతలు వచ్చాయి, కళ్లం మళ్లీ ఎర్రబడింది. అంటే ఏడాదికి పైనే గడిచింది. ఒక ఉదయం కోటేశ్వరరావు గారు, బ్రాడీపేట డాక్టరు గారు కలిసి ఆడుతున్నారు. నేను పక్కనే ఉన్నాను. కోటేశ్వరరావు గారు కొట్టారు. బంతి సూటిగానే పోయింది. కర్ర మాత్రం ఆయన చేతుల్లోంచి జారి, గిరగిరా తిరుగుతూ కంచె దాటి కళ్లంలో పడింది. కాయలు తిరగేస్తున్న ఆడవాళ్లకు రెండు బారల దూరంలో.

కేకలు వినపడ్డాయి. మరియమ్మ కర్ర పట్టుకుని కంచె దగ్గరికి పరుగున వచ్చింది.

"బంతులంటే ఊరుకున్నాం, ఇప్పుడు కర్రలే ఇసురుతున్నారా? మా ఆడోళ్ల తలకాయలు మీకు..." అంటూ ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

ఆయన తన రెండు అరిచేతులూ చూసుకుంటూ నిలబడిపోయారు. "నేను వదల్లేదు మస్తానూ" అన్నారు. "ఒట్టు, నేను వదల్లేదు."

డాక్టరు గారు దగ్గరికి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నారు. "ఒకసారి పిడికిలి మూసి తెరవండి. గబగబా, ఎన్నిసార్లు చేయగలిగితే అన్నిసార్లు" అన్నారు. వేళ్లు మూసుకున్నాయి. తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. చిటికెనవేలు అసలు తెరుచుకోలేదు. నాలుగు అడుగులు నడవమన్నారు. గడ్డిమీద కాళ్లు బిగుసుకుపోయినట్టు నడిచారు. రోజూ నడిచే మనిషి. ఆ నడక నేను అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాను.

"ఎన్నాళ్ల నుంచి?" అని అడిగారు డాక్టరు గారు.

కోటేశ్వరరావు గారు నా వైపు చూశారు. ఆయనకు తెలియక కాదు, లెక్క నాకు కూడా తెలుసు కాబట్టి.

ఆసుపత్రిలో పరీక్షలు చేస్తే తేలింది, జబ్బు చేతుల్లో లేదు, మెడలో ఉంది. మెడ ఎముకలు అరిగి, లోపలున్న వెన్నుపామును నొక్కుతున్నాయి. ఆపరేషన్ చేశారు. చేసిన సర్జను బయటికి వచ్చి, ఇక ముదరకుండా ఆపగలిగామని, పోయిన పట్టు మొత్తం తిరిగి వస్తుందని మాత్రం చెప్పలేనని, ఏడాది ముందు తీసుకొచ్చి ఉంటే ఆశ ఎక్కువగా ఉండేదని అన్నారు. అనసూయమ్మ గారు తలూపారు. నేను వరండాలో ఆవిడకు ఎదురుగా కూర్చుని ఉన్నాను. ఆవిడ నా వైపు చూడలేదు, నేను ఆవిడ వైపు చూడలేకపోయాను.

డాక్టరు గారు ఆ సాయంత్రం నా భుజం తట్టి, "నేనూ ఏడాదిగా పక్కనే ఆడాను మస్తాన్. డాక్టర్ని అయ్యుండి నేనూ బంతినే చూశాను" అన్నారు. పెద్ద మనసుతో అన్న మాట. కొంత ఊరట కలిగింది. ఇంటికి వచ్చేసరికి అది పోయింది. ఆయన్ని ఎవరూ అడగలేదు. నన్ను అడిగారు.

కొత్తగా వచ్చేవాళ్లకు

మిమ్మల్ని వైద్యం చెయ్యమనడం లేదు. మనం డాక్టర్లం కాదు, ఆ వేషం వేస్తే ఇంకో రకం ప్రమాదం. కర్ర అమ్మండి, పర్లేదు. దాన్ని చేతికిచ్చే ముందు మాత్రం చిన్న కర్రతో పది బంతులు కొట్టించి చూడండి. తొడుగు విప్పించి ఎక్కడ చిరిగిందో చూడండి. ఇదివరకు వచ్చిన ఆట పోయినవాడు మీ దగ్గరికి వస్తే, ఆట సంగతి పక్కనపెట్టి, గుండీలు ఎవరు పెడుతున్నారని అడగండి. నవ్వితే నవ్వనివ్వండి.

ఇంకోటి. "నాకు తెలియదు" అనే మాట ఈ ఉద్యోగంలో మీకెవరూ నేర్పరు. పైగా అలా అంటే సభ్యులు ఇంకో కోచ్‌ని వెతుక్కుంటారని భయపెడతారు. వెతుక్కోనివ్వండి. నేను ఆ శనివారం ఆ ఒక్కమాట అని ఉంటే ఆవిడ అటునుంచి అటే ఆసుపత్రికి వెళ్లేవారేమో. ఈ 'ఏమో'తోనే నేను దిగిపోయాను. దిగిపోయే రోజు సభ పెట్టారు, శాలువా కప్పారు. కార్యదర్శి గారు మాట్లాడుతూ, మస్తాన్ ఎవర్నీ నొప్పించి ఎరగడు అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల దించుకుని కూర్చున్నాను, వినయం అనుకున్నారు.

వాళ్లింటికి వెళ్లాను

దిగిపోయాక రెండు నెలలు ఆగి, వాళ్లింటికి వెళ్లాను. అంతకుముందు ఆసుపత్రికి వెళ్లినా, ఇంటికి వెళ్లినా, చుట్టూ మనుషులుండేవాళ్లు. చెప్పాల్సిన మాట చెప్పకుండానే తిరిగొచ్చేవాణ్ణి.

కోటేశ్వరరావు గారు వసారాలో కుర్చీలో ఉన్నారు. నడక కొంచెం మెరుగుపడింది. ముందు బల్ల మీద పళ్లాల్లో మిర్చి నమూనాలు. ఆయన ఒక పళ్లెంలోంచి గుప్పెడు తీసి, నొక్కి, వదిలి, కాసేపు చూసి, పళ్లాన్ని పక్కకు జరిపారు. అనసూయమ్మ గారు అదే పళ్లెంలోంచి గుప్పెడు తీసి నొక్కి, "ఇంకా రెండెండలు కావాలి" అన్నారు.

"చూశావా మస్తానూ, ఇన్నేళ్లూ నేను చెప్పింది యార్డంతా విన్నది. ఇప్పుడు ఈవిడ గారు చెబితే గానీ నాకు తెలవట్లా" అన్నారు. నవ్వుతూనే అన్నారు, కాని పిడికిలి ఇంకా మూసి తెరుస్తూనే ఉన్నారు. తర్వాత, "మూల కర్ర ఉంది, తీసుకుపో. ఎవరికన్నా ఇయ్యి. మంచి కర్ర" అన్నారు.

 కాసేపటికి ఆయన నడుం వాల్చడానికి లోపలికి వెళ్లారు. అనసూయమ్మ గారు కాయలకు తొడిమలు తీస్తూ కూర్చున్నారు. నేను దారి పొడవునా అనుకుంటూ వచ్చిన మాటలు చెప్పేశాను.

"అమ్మా, ఆ రోజు మీరు అడిగినప్పుడు నేను ఆయన చెయ్యి చూడలేదు. ఆ తర్వాత ఏడాది కూడా చూడలేదు. బంతి చూసి చెప్పాను. ఆ బంతి అలా పోయేలా చేసింది కూడా నేనే. నాకు తెలియదమ్మా, డాక్టరుకి చూపించండి అని ఒక్కమాట అని ఉంటే..."

ఆవిడ చేతులు ఆగలేదు. తొడిమలు తీస్తూనే ఉన్నారు.

"మీరు అట్టా అంటారనుకుంటే మిమ్మల్ని అడిగేదాన్నే కాదు అన్నయ్య గారూ" అన్నారు. "మా సందు మొగదల్లోనే డాక్టరు ఉన్నాడు. నడిచి పోవచ్చు. ఆయన్ని అడిగితే ఏదో ఉందంటాడని భయం. మీరైతే బాగుందంటారు. అది తెలిసే, కారు ఆపించి మరీ మీ దగ్గరికొచ్చా."

ఆవిడ ఆ మాట నన్ను ఓదార్చడానికే అన్నారు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నా గురించి ఎవరూ అంత నిజం చెప్పలేదు.